వినే పెట్టెలు

ఆ ఉదయం ప్రిన్సిపాల్ పాండురంగారావు గారి ఏర్పాటు చిన్నదే. పదింటికి యూనివర్సిటీ కమిషన్ వారు ఏలూరు వస్తారు. ఆయన తన గదిలో కూర్చుని మైకులో ఉపన్యసిస్తారు. కాలేజీలో క్లాసు క్లాసుకీ గోడకు బిగించిన కొత్త పెట్టెల్లోంచి అది అందరికీ వినిపిస్తుంది. కాలేజీ ఆశయం క్రమశిక్షణ. యంత్రం ఆ ఆశయానికి పనికొస్తుందని చూపిస్తే బి.ఎ. క్లాసులకు అనుమతి వస్తుంది. తేడా వస్తే మాత్రం గుమాస్తా కొండలరావు ఉద్యోగం ఊడుతుందని ఆయన ముందే సెలవిచ్చారు.

కొండలరావు అసలే భయస్థుడు. ప్రిన్సిపాల్ గారు ఇంకా రాకముందే మైకు సెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఏ విఘ్నమూ రాకూడదని దాని నెత్తినే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు లోపలికి దిగాయి. సెట్టు చిటపటలాడి, కాస్త పొగ వదిలి, ఊరుకుంది. కొండలరావు పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే లాజిక్ లెక్చరర్ అచ్యుతరావు గారు తొంగిచూశారు. "ఏవండీ, మా క్లాసులో పెట్టె పలకట్లేదేంటండీ?"

ఎవరూ దాని జోలికి రాకూడదన్న కంగారులో కొండలరావు నోటికొచ్చింది అనేశాడు. "ఇవాళ పలకదండీ. వింటుందండీ."

అచ్యుతరావు గారి మొహం పాలిపోయింది. నిన్న సాయంత్రమే ఆ పెట్టె కింద నిలబడి ఆయన ప్రిన్సిపాల్ గారి తెలివితేటల గురించి తనివితీరా మాట్లాడారు. కబురు స్టాఫ్ రూముకూ, అక్కణ్ణుంచి క్లాసులకూ పాకింది. లెక్చరర్లు గంట కొట్టకముందే పాఠాలు మొదలెట్టారు. రోజూ కొల్లేటి పిట్టల్లా గోల చేసే కుర్రాళ్లు దగ్గు కూడా మింగేశారు. ప్యూను సత్తిబాబు గంటకు గుడ్డ చుట్టి కొట్టాడు.

కమిషన్ వారి ఎదుట ప్రిన్సిపాల్ గారు చచ్చిన మైకులో చాలాసేపు మాట్లాడారు. కొండలరావు సెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత అందరూ లాజిక్ క్లాసుకు వెళ్లారు. ఉపన్యాసం ఎలా ఉందని కమిషన్ పెద్దాయన అడిగేసరికి కొండలరావు కళ్లు మూసుకున్నాడు.

అచ్యుతరావు గారు పెట్టెకేసి తిరిగి, దానికి బాగా వినపడేలా, "ఇంత గొప్ప ఉపన్యాసం నేనెన్నడూ వినలేదండీ" అన్నారు. కుర్రాళ్లంతా తలలూపారు.

ఇంతటి క్రమశిక్షణ ఎక్కడా చూడలేదని కమిషన్ వారు బి.ఎ. ఖాయం చేసి వెళ్లారు.

సాయంత్రం కొండలరావు నిజం చెప్పేసి కాళ్లమీద పడదామని గదిలోకి వెళ్లాడు. నోరు తెరవబోతుంటే ప్రిన్సిపాల్ గారు వద్దని సైగ చేసి, అతణ్ణి వరండా చివరిదాకా లాక్కెళ్లారు. ఆయన నుదుటినిండా చెమట.

"పెట్టెలు వింటున్నాయని స్టాఫంతా అనుకుంటున్నారయ్యా. మరి నా బల్ల మీది మైకులోంచి అవతల ఎవరు వింటున్నారు?"

కొండలరావు గొంతు తగ్గించాడు. "అది నేను చెప్పకూడదండీ."

మర్నాటి నుంచి ప్రిన్సిపాల్ గారు కూడా వేళకు రాసాగారు.