వెర్నా వంతెన, ఒక ఎర్రదీపం

ఆ ఉదయం వెర్నా హాస్టెట్లర్ పెట్టుకున్న పని చిన్నదే. చెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి వంటకం, 'పై' తినిపించి నలుగురు సభ్యుల మనసు మార్చడం. రాష్ట్ర శాసనసభలో ఆమెకది పద్దెనిమిదో ఏడు, ఆఖరి రోజు. ఆమె ఊరి వాగు మీది వంతెన బడి బస్సు బరువు మొయ్యలేదు. పిల్లలు దిగి నడిచి దాటుతారు, ఖాళీ బస్సు వెనకే మెల్లగా వస్తుంది. కొత్త వంతెన కోసం ఆమె పెట్టిన బిల్లు ఇన్నేళ్ళకు ఓటు దాకా వచ్చింది.

"ఇంకా నాలుగు ఓట్లు తక్కువే," అన్నాడు పక్క సీటు డెల్బర్ట్. "పై మాత్రం అయిపోయింది."

"తిన్నవాళ్ళు ఏమన్నారు?"

"ఇంకో ముక్క ఉందా అన్నారు."

"సరేలే. నేను మైకు దగ్గరుంటా, నా బటన్ నువ్వు నొక్కు."

ఆ సభలో ఒక ఆచారం ఉంది. ఎవరి మొదటి బిల్లు ఓటుకొచ్చినా అందరూ ముందు 'వద్దు' అనే ఎర్ర బటన్ నొక్కుతారు. ఆ మనిషి మొహం పాలిపోయాక నవ్వి, ఎవరి ఓటు వాళ్ళు మార్చుకుంటారు. వెర్నాకు ఇదే మొదటిదని డెల్బర్ట్‌కు తట్టింది. ఎర్రే నొక్కమని అతను రాసిన చీటీ సీటు సీటూ తిరిగింది. కానీ స్పీకర్ పన్ను నొప్పితో వెళ్ళగా ఆయన కుర్చీలో కూర్చున్న డార్లాకు మాత్రం అందలేదు. ఆమె ఈ ఏడే గెలిచింది, ఆచారం తెలియదు.

"వాగు దాటాక డ్రైవరు పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టుకుంటాడు," అని వెర్నా ముగించింది. గోడ మీది ఓట్ల బోర్డంతా ఎర్రబడింది. ఎవరూ ఇంకా నవ్వనైనా లేదు, డార్లా సుత్తి కొట్టింది.

"అనుకూలం సున్నా, వ్యతిరేకం తొంభై ఎనిమిది. బిల్లు వీగిపోయింది."

వెర్నా కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ మడతపెట్టడం సభంతా చూసింది.

"అధ్యక్షా! ఉత్తినే నొక్కాం!" అని అరిచారు సభ్యులు.

"ఉత్తినే ఓటేస్తారా?" అంది డార్లా.

ఓడించినవాళ్ళే మళ్ళీ ఓటు అడగాలని నియమం. ఓడించింది అందరూ కనుక అందరూ లేచారు. ముందు మాట దొరికింది ఆర్విల్‌కు. వంతెన ఖర్చు దండగని ఏళ్ళుగా అడ్డుపడ్డవాడు.

"నేను నిజంగానే వద్దన్నా అధ్యక్షా. కానీ ఈ సభంతా నాతో ఏకీభవించిందంటే ఎక్కడో తప్పు జరిగింది. మళ్ళీ పెట్టండి."

డెల్బర్ట్ మళ్ళీ వెర్నా బటన్ మీదికి వేలు చాపాడు.

"తియ్యి చెయ్యి," అంది సీటుకు తిరిగొచ్చిన వెర్నా. "ఈసారి నేనే నొక్కుకుంటా."

సిగ్గుతో ఒక్కొక్కరూ పచ్చ నొక్కారు. ఉదయం వద్దన్నవాళ్ళూ నొక్కారు. "నేనొక్కణ్ణే ఎర్రగా ఉంటే ఏం బావుంటుంది?" అని గొణిగి ఆర్విల్ కూడా నొక్కాడు. పద్దెనిమిదేళ్ళ వాదన కదిలించలేనివాళ్ళను ఒక చెడ్డ వేళాకోళం కదిలించింది. వెర్నా కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూనే, చూడకుండా తడిమి ఒక బటన్ నొక్కింది. డార్లా ఈసారీ సుత్తి కొట్టడం ఆలస్యం చెయ్యలేదు.

ఇప్పుడు పిల్లలు బస్సులో కూర్చునే వాగు దాటుతున్నారు. సభ రికార్డు ప్రకారం ఆ వంతెన వద్దన్నది ఒక్కరే, వెర్నా హాస్టెట్లర్.