ఎదురుపస్తు లేచిన కుర్చీ

‘సరే’ అనే మాటను జవాబుగా లెక్కించవచ్చునా అని పదప్రవేశ అధికారి కాశీపతి తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఆ రాష్ట్రంలో కొత్త మాట ఒకటి భాషలో చేరాలంటే పాత మాట ఒకటి లేచి తన కుర్చీ ఖాళీ చేయాలి. అలా లేచిన మాట ఆ క్షణం నుంచి ఎవరి నోటా పలకదు. కాబట్టి ఆ ప్రశ్నకు కార్యాలయం మూసేలోగా సమాధానం రాయవలసిన బాధ్యత ఆయనది.

పదప్రవేశ కార్యాలయం వరండాలో కొత్త మాటలు బెంచీల మీద కూర్చుని ఉండేవి. కమిటీలు తయారుచేసి పంపినవి ఇస్త్రీ మడత చెదరకుండా నిటారుగా కూర్చుని, చాలావరకు అక్కడే ముసలివైపోయేవి. పరాయి భాషల నుంచి వచ్చినవి మాత్రం దరఖాస్తు పెట్టుకునేవి కావు. ముందు జనం నోళ్ళలో కాపురం పెట్టేసి, ఆ తరువాత వీలు చూసుకుని కార్యాలయానికి కబురు పంపేవి. ఇందులో ఎవరికీ వింత కనిపించేది కాదు. మంచినీళ్ళ కుండ ఎక్కడుందని ఏ మాటైనా అడిగితే అటెండరు చేయి చూపించి తన పని తాను చేసుకునేవాడు.

పరీక్షించే పద్ధతి పాతదే అయినా పకడ్బందీది. కొత్త మాటను కొన్నాళ్ళు ఒక కుటుంబంలో ఉంచుతారు. ఆ ఇంటివాళ్ళు దానికి మర్యాదలు చేస్తారు, పిల్లల చేత పలికిస్తారు, చుట్టాలొస్తే చూపిస్తారు. వాటికి విలువ లేదు. ఇన్‌స్పెక్టరు పెరటి గోడ అవతల నిలబడి వినేది పోట్లాటలను, ఏడుపులను, ఏమరుపాటు కబుర్లను. కోపంలో ఉన్న మనిషి నిఘంటువు తెరవడు. అప్పుడు తనంతట తాను వచ్చిందే భాషలో పుట్టిన మాట. దూరవాణి అనే మాట ఒక రిటైర్డు పోస్టుమాస్టరు ఇంట్లో ఏళ్ళ తరబడి పడక్కుర్చీలో కూర్చుంది. ఒకనాడు ఆయన మెట్ల మీద జారిపడితే, భార్య వీధిలోకి పరుగెత్తుకొచ్చి, “ఎవరైనా ఫోన్ చెయ్యండి బాబూ” అని కేక పెట్టింది. దూరవాణి ఆ సాయంత్రమే సంచీ సర్దుకుంది.

పాత మాటను లేపడానికి మరింత జాగ్రత్త అవసరం. పలికే మనిషికి బదులు చెప్పే మనిషి ఒక్కరున్నా దాన్ని కదిలించడానికి వీల్లేదు. మాటలో సగమే పలికినవాళ్ళది, మిగతా సగం బదులిచ్చినవాళ్ళది అని నియమావళి మొదటి పేజీలోనే ఉంది. బదులు ఆగిపోవాలి, ఆ మాట చివరగా మిగిలిన ఇంట్లోనే కొత్త మాట కూడా వినబడాలి. అప్పుడు అధికారి సంతకంతో మార్పు పూర్తవుతుంది.

ఈసారి కుర్చీ కోసం నిలబడి ఉన్నది స్వకాలభోజనం. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు, ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటూ తినడం అని దాని అర్థం. ఆ పని ఊరంతా ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. ఒంటరిగా తింటున్నామని చెప్పుకోవడానికే నోరు రాలేదు. ఈ మాట వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. నలుగురూ నాలుగు వేళల్లో తినే ఇళ్ళవాళ్ళు, “మా ఇంట్లో అందరిదీ స్వకాలభోజనమేనండీ” అని తృప్తిగా చెప్పుకోసాగారు. కమిటీ మాట ఇంత త్వరగా జనంలో కలిసిపోవడం కార్యాలయం ఎన్నడూ చూడలేదు.

దాని కోసం లేవవలసింది ఎదురుపస్తు. ఇంటికి రావలసిన మనిషి వచ్చేదాకా, ఎంత ఆకలేసినా, ముద్ద ముట్టకుండా కూర్చోవడాన్ని ఎదురుపస్తు అనేవారు. ఆ మాటను పుట్టించింది కాశీపతి భార్య హైమవతి.

పెళ్ళయిన కొత్తలో ఆయన ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో గోడలన్నిటి వెనుకా నిలబడి, పొద్దువాలాక ఇల్లు చేరేవాడు. ఒకరోజు ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి, “ఊరందరి పోట్లాటలూ రాసుకొస్తారు గదా. నా ఎదురుపస్తు ఎవరు రాసుకుంటారు?” అంది. అప్పటిదాకా ఆ మాట లోకంలో లేదు. ఆయనకు ముందు ఒళ్ళు పులకరించింది. ఆ తరువాత సిగ్గేసింది. ఆ క్రమమే తప్పు అని చాలా ఏళ్ళకు గాని ఆయనకు తట్టలేదు. “రేపటి నుంచి అందులో నాకూ సగం,” అన్నాడు. మరునాడు మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటికి నడిచివచ్చాడు. ఇద్దరూ సపోటా చెట్టు కింద కూర్చుని తిన్నారు.

ఆ మాట ఇల్లిల్లూ పాకింది. రైలు ఆలస్యమైన ఇళ్ళలో, ఆసుపత్రి వరండాల్లో, రెండో ఆటకు వెళ్ళిన కొడుకుల తల్లుల దగ్గర వినబడేది. దాన్ని పసిగట్టినందుకు కాశీపతికి ప్రమోషన్ వచ్చింది. ప్రమోషన్ వెంట ఫైళ్ళు వచ్చాయి. ఫైళ్ళ పక్కన క్యాంటీన్ పెరుగన్నం అలవాటైంది.

ఆ రోజు మధ్యాహ్నం కావస్తుండగా ఇన్‌స్పెక్టరు మాణిక్యం ఆయన గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“వార్డులన్నీ అయిపోయాయండీ. ఎదురుపస్తు ఒక్క ఇంట్లోనే మిగిలింది.”

“ఎవరిల్లు?”

“పెరట్లో సపోటా చెట్టుందండి.”

“ఊళ్ళో సపోటా చెట్లు చాలా ఉంటాయి, మాణిక్యం.”

“ఉంటాయండీ. గేటు మీద మీ పేరున్నది మాత్రం ఒకటే.”

కాశీపతి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఏం విన్నారు?”

“అమ్మగారు రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తారండీ. చేతులు ఖాళీ ఉండవేమో, స్పీకర్‌లో పెడతారు. ‘నేను ఎదురుపస్తునే ఉన్నాను, వస్తున్నారా’ అంటారు. అవతల నుంచి ‘సరే’ అని వస్తుంది. వస్తానన్న సరేయో, విన్నానన్న సరేయో పోల్చుకోలేకపోయాను. ఎవరూ రారు. కిటికీలోంచి చూస్తే బల్ల మీద రెండో పళ్ళెం బోర్లించి అలాగే ఉంటుంది. అన్నం చల్లారాక ఆవిడ ఒక్కరే తింటారు. మరి ఆ సరేని జవాబు కింద రాసుకోమంటారా?”

మాణిక్యం గొంతులో ఎగతాళి లేదు. కొంచెం ఉండి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

నియమావళిలో దీనికి వివరణ ఉంది. సరే, ఊఁ, చూద్దాం, తరువాత మాట్లాడదాం అనేవి ఎదుటి మాటను ఆపుతాయే తప్ప దానికి బదులివ్వవు. బదులంటే విన్నవాణ్ణి ఉన్నచోటి నుంచి కాస్తయినా కదిలించేది. ఆ వివరణ రాసింది కాశీపతే. దాని కింద తన సంతకం యవ్వనంలో ఉన్నంత నిబ్బరంగా కనిపించింది.

ఇంతలో డైరెక్టరుగారు ఫోన్ చేశారు. “కాశీపతిగారూ, ఆ ముసలిమాటను ఇంకా లేపలేదేమిటండీ? పాపం స్వకాలభోజనం పొద్దుటి నుంచీ కాళ్ళ మీద నిలబడి ఉంది.”

“ఇవాళ తేలుస్తానండీ,” అన్నాడు కాశీపతి.

వివరణను సవరించడం కష్టమేమీ కాదు. ఒక వాక్యం కొట్టేస్తే సరేకి ప్రాణం వస్తుంది. సరే ఆసరాతో ఎదురుపస్తు బతుకుతుంది. కానీ అది బతికేది కాగితంలో. ఆకలితో కూర్చున్న మనిషి ఎదుటి కుర్చీ అప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఇన్నేళ్ళుగా తాను ఊరి మాటలన్నిటికీ సాక్ష్యం చెప్పి, తన కోసం పుట్టిన ఒక్క మాటకు బదులు చెప్పలేదని ఆయనకు స్పష్టంగా తెలిసింది. తెలిసినంత మాత్రాన అది బదులు కాదని కూడా ఆ వివరణ ప్రకారం తెలిసింది.

ఆయన లేచి నిలబడ్డాడు. “మీరు గోడ దగ్గరికి పదండి. నేను వీధి గుమ్మంలోంచి వస్తాను.”

“గొడుగు తీసుకోండి సార్. ఎండ మండిపోతోంది.”

దారి పొడుగునా చెప్పవలసిన జవాబును మనసులో పలికి చూసుకున్నాడు. పాతదే, అంతకన్నా మంచిది దొరకలేదు. ఇంటి మలుపు తిరిగాక గాని, ఆవేళ ఇంటి నుంచి ఫోన్ రాలేదన్న సంగతి ఆయనకు గుర్తురాలేదు.

హైమవతి చాటలో మినుములు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆయన్ను చూసి చేయి ఆపింది.

“అదేమిటి, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. భోజనానికి వచ్చాను.”

“భోజనానికా? మీరా?” ఆమె నవ్వింది. “క్యాంటీన్ గాని తగలబడిందా ఏమిటి?”

కాశీపతి చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. “నువ్వు ఎదురుపస్తుంటావని వచ్చాను, హైమా. ఇక మీదట అందులో నాకూ సగం.”

ఆమె ముఖంలో ఏదో కదిలి, ఎక్కడా నిలవకుండా వెళ్ళిపోయింది. ఎన్నడో చదివిన పాఠాన్ని పక్కింటి పిల్లలు వల్లిస్తుంటే విన్నట్టు ఆయన వైపు చూసింది. “సరే,” అంది. “ముందు కాళ్ళు కడుక్కోండి.”

“నువ్వు తినలేదు కదా?”

“తినేశానండీ. రోజూ మీ పనికి అడ్డం రావడమెందుకని ఇవాళ ఫోన్ చెయ్యలేదు. స్వకాలభోజనం చేసేశాను.” ఆమె మళ్ళీ చాట అందుకుంది. “వేడివేడిగా తిని ఎన్నాళ్ళయిందో. ప్రాణానికి హాయిగా ఉంది.”

ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు, సాధింపు లేదు. పెరటి గోడ అవతల మాణిక్యం చిన్నగా దగ్గింది.

కాశీపతి ఇంట్లోంచి నడిచి పెరట్లోకి వెళ్ళాడు. మాణిక్యం గోడకు అటువైపు ఫైలు గుండెలకు ఆనించుకుని నిలబడి ఉంది.

“విన్నారా?”

“విన్నానండీ.” ఫైలు కాస్త దించి, “వినలేదని రాయమంటే రాస్తాను సార్. నాకు చెవుడు ఎప్పుడూ లేదు గాని, ఇవాళ వచ్చిందనుకుంటారు,” అంది.

ఆయన వంటింటి కిటికీ వైపు తిరిగి చూశాడు. లోపల మినుములు చాటలో గలగలలాడుతున్నాయి. హాయిగా ఉందని ఆమె చెప్పింది నిజం. ఆ హాయిని లాక్కుని, మాటను బతికించడం కోసం మళ్ళీ ఆకలితో కూర్చోమని అడగడానికి ఏ నియమమూ తనకు హక్కు ఇవ్వదు. బదులు చెప్పవలసిన కాలంలో చెప్పనివాడికి, బదులు ఆశించే హక్కు మాత్రం ఎక్కడిది?

“ఇలా ఇవ్వండి,” అన్నాడు. ఫైలును పిట్టగోడ మీద పెట్టి సంతకం చేశాడు.

మాణిక్యం తడి ఆరేదాకా ఊది, ఫైలు మూసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆయన లోపలికి వచ్చేసరికి హైమవతి బల్ల మీది పళ్ళెం చూస్తూ నిలబడి ఉంది. “దీన్ని రోజూ ఇలా ఎందుకు బోర్లించి పెడతానో,” అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. “కూర మూత కింద ఉంది. మీ వీలు చూసుకుని తినండి.” చాట తీసుకుని వెలుతురు కోసం వసారాలోకి వెళ్ళింది.

కాశీపతి పళ్ళెం తిప్పి, అన్నం పెట్టుకుని కూర్చున్నాడు. చేయి మాత్రం వేయలేదు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంటుందేమోనని వసారా వైపు చూశాడు. ఆకలిగానే ఉంది, అయినా కూర్చున్నాడు. ఇలా కూర్చోవడానికి ఏదో పేరుండేదనిపించి వెతుక్కున్నాడు. నాలుక ఒకచోటికి వెళ్ళి, అక్కడ ఏమీ లేక తిరిగివచ్చింది.

అన్నం చల్లారుతోంది. ఇక తినేయాలని నిర్ణయించుకుని, ఆయన మొదటి ముద్ద కలిపాడు.