మడత తుపాకీ, మడత కుర్చీ

హార్నెట్ ఫోర్క్ బాప్టిస్టు చర్చిలో ఆ ఆదివారం పాస్టర్ ట్రెంట్ ప్రార్థన జాబితా చదువుతూ, ఒకావిడ పిత్తాశయం ఆపరేషనుకీ వానలు పడకపోవడానికీ మధ్యలో ఈ ప్రకటన చేశాడు: "మన సోదరుడు వెర్లిన్ స్టకీ కుడిచేతి కోసం ప్రార్థిద్దాం. పాపం, ఎవరికీ చెప్పుకోలేదు. పదకొండు వారాలు వెతికితే ఇప్పటికి ఆ చేతికి ఒక ఆసరా దొరికిందట."

మూడో వరుసలో కూర్చున్న వెర్లిన్ సరిగ్గా అప్పుడే ఆ చేత్తో కీర్తనల పుస్తకం ఎత్తబోతున్నాడు. ఎత్తలేదు. పక్కనున్న భార్య నాడీన్ కళ్ళొత్తుకుంది. వెనక వరుసలోంచి ఎవరో ఆయన ఎడమ భుజం తట్టారు. కుడివైపు తగలకుండా తట్టడంలోనే ఆ ఊరి మర్యాదంతా ఉంది.

వెర్లిన్ చెయ్యి నిక్షేపంలా ఉంది. ముందురోజే ఆ చేత్తో ఎనిమిది దాణా మూటలు ట్రక్కులోకి విసిరాడు. చెడింది చెయ్యి కాదు, నోరు. దానికి కారణం రాయిస్ హాల్కం తుపాకుల కొట్టు.

తుపాకీకి వెనక భుజానికి ఆనించే భాగం ఉంటుంది. మనం మడమ అంటాం, వాళ్ళు స్టాక్ అంటారు. పొట్టి గొట్టం తుపాకీకి ఆ మడమ తగిలిస్తే అమెరికా ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు. ఫారాలు, ఫోటోలు, పదివేళ్ళ ముద్రలు, ఆపైన తపాలా పెట్టె కేసి చూస్తూ గడపాల్సిన నెలలు. అదే చోట బ్రేస్ అనే వస్తువు తగిలించారనుకోండి, అప్పుడది వట్టి పిస్తోలు. బ్రేస్ అంటే, పెట్టె మీద అచ్చేసిన వాక్యం ప్రకారం, "చేతిలో పట్టు చాలనివారు, ఒంటిచేత్తో కాల్చేవారు ముంజేతికి పట్టీతో బిగించుకునే ఆసరా". చూడ్డానికి మడమలా ఉంటుంది. పొడవు మడమంతే. భుజానికి పెడితే మడమకన్నా హాయిగా ఒదుగుతుంది. కానీ మడమ కాదు. దాన్ని భుజానికి పెట్టొచ్చా అని అడిగితే రూలు ఒక ఏడు పెట్టొచ్చంది, ఒక ఏడు వద్దంది, ఒక ఏడు పెట్టినవాడి మనసులో ఏముందో చూడాలంది. ఇలాంటి దాన్నే మనం మడత పేచీ అంటాం. ఇందులో మడత కూడా నిజంగానే ఉంది, కీలు దగ్గర.

చట్టాన్ని గౌరవించడంలో హార్నెట్ ఫోర్క్ వారిని మించినవారు లేరు. అందుకే రాయిస్ తన కొట్టులో "భుజం" అనే మాటనే ఎత్తేశాడు. ఎవరి నోటి నుంచి ఆ మాట జారినా తర్వాతి కాఫీ వాళ్ళే కాయాలి. దాంతో మిజోరీ కొండల్లో కండలు తిరిగిన మగవాళ్ళు "మెడకి దిగువ ప్రాంతం" అనీ, "కోటు వేలాడే చోటు" అనీ మాట్లాడటం నేర్చుకున్నారు. ఒకాయన గుర్రం మీంచి పడి భుజం జారితే ఆస్పత్రిలో కూడా "చేతికి పై ఊరు" అన్నాడు. డాక్టరు తలకి స్కానింగు రాశాడు.

అక్కడ వెర్లిన్ పదకొండు వారాలు బ్రేస్ ఎంచుకున్నాడు. ఆయన ఇంటి వెనక షెడ్డులో రెండు ట్రక్కులు, ఒక పడవ, చలికాలం కట్టెలు పడతాయి. అయినా తుపాకీ మడిస్తే తొమ్మిదంగుళాలు కలిసొస్తాయన్న ఊహకే ఆయన కళ్ళు మెరిసేవి. ఆ తొమ్మిదంగుళాల్లో ఏం పెడతావని ఎవరూ అడగలేదు. అలాంటి ప్రశ్నలడిగేవాడికి ఆ కొట్టులో స్టూలు ఉండదు.

"ఏడోదాని కీలు నచ్చలేదు రాయిస్. టిక్కుమంటోంది. నాకు టక్కుమనాలి."

"టక్కుమనేది మూడోది. పోయిన నెల దానికే వంక పెట్టావు."

"అది ఎడమ పక్కకి మడుస్తుంది కదా."

"మడిస్తే నీ సొమ్మేం పోయింది బావా? పక్కలో వేసుకుని పడుకుంటావా ఏంటి?"

"పోనీ రంగైనా కుదరాలి కదా. ఇది తడిమట్టి రంగు. నా తుపాకీది ఎండుమట్టి."

"పెళ్ళిచూపులకి నాడీన్ ఇంటికెళ్ళినప్పుడు ఇన్ని చూశావా?"

"అప్పుడు ఒక్కటే మోడలుంది" అన్నాడు వెర్లిన్, కీలు చెవి దగ్గర పెట్టుకుని వింటూ.

ఇంత శోధన వట్టి సరదాకి కాదు. హార్నెట్ ఫోర్క్ గన్ క్లబ్బుకి వెర్లిన్ పద్నాలుగేళ్ళుగా ఉపాధ్యక్షుడు. ఉపాధ్యక్షుడి విధులు నియమావళిలో ఒకే వాక్యంలో ఉన్నాయి: మీటింగుకి ముందు అరవైనాలుగు ఇనప కుర్చీలు విప్పాలి, తర్వాత మడవాలి. సభ్యులు ఇరవై ముగ్గురే అయినా కుర్చీలు అరవైనాలుగూ విప్పడం ఆనవాయితీ. జీవితంలో ఒక్కసారైనా వేరేవాడు మడిచే కుర్చీలోంచి లేచి వెళ్ళిపోవాలని వెర్లిన్ కోరిక. అది అధ్యక్షుడికే సాధ్యం. శనివారం ఎన్నిక. పోటీగా ఎవరూ లేరు. అయినా ధైర్యం లేదు, ఎందుకంటే పోయినసారీ ఎవరూ లేరు. పదవి ఖాళీగా ఉంచుదామన్న వాళ్ళకి ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఈసారి అభ్యర్థి తనకి బాగా తెలిసిన విషయం మీద పదినిమిషాలు మాట్లాడాలని నిబంధన. వెర్లిన్ ఎంచుకున్న విషయం: మడత ఆసరా, ఎంపికలో మెళకువలు.

చిక్కల్లా ఇంట్లో వచ్చింది. స్నానాలగది పైకప్పు కారడం ఆగేదాకా తుపాకీకి సంబంధించినదేదీ గడప దాటి లోపలికి రాదని వెర్లిన్ పోయిన నవంబరులో పండగనాడు టర్కీకోడి కోస్తూ నాడీన్‌కి మాటిచ్చాడు. పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. ఆయన పెట్టె చంకలో పెట్టుకుని వంటింట్లోకి రాగానే నాడీన్ అడిగింది.

"ఏంటది?"

పదకొండు వారాలుగా అధికారిక భాషకి అలవాటుపడ్డ నోరు తనంత తానే తెరుచుకుంది. "చేతికి ఆసరా. పట్టు చాలనివాళ్ళకి. పదకొండు వారాలు వెతికాను."

పెట్టె మీద ఉన్నదే అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాడీన్ ఆయన చెయ్యి వంక చూసింది, ఆయన తియ్యాల్సిన చెత్తసంచి తనే తీసుకెళ్ళి బయట పెట్టొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఇలా జరగడం ఇదే మొదలు. వెర్లిన్ నిజం చెబుదామనే అనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు.

రేపటికి పాస్టరుకి ఫోన్ వెళ్ళింది. ఆదివారం ప్రార్థన అయింది. సోమవారం నుంచి గిన్నెలు రావడం మొదలైంది. ఆ ఊళ్ళో మనిషికి ఏమైనా సరే మందు ఒకటే: చీజు కింద కప్పెట్టి ఓవెనులో పెట్టిన ఆలుగడ్డ. బుధవారానికి ఫ్రిజ్ మూతపడలేదు. జింకబొమ్మల రుమాలుతో మెడకి కట్టిన జోలెలో కుడిచెయ్యి పెట్టుకుని వెర్లిన్ ఎడమచేత్తో తిన్నాడు. ముప్ఫైమంది ప్రేమ అది. కొంచెం ఉప్పెక్కువైంది.

శనివారం క్లబ్బు హాల్లో మాత్రం జోలె జేబులోకి వెళ్ళింది. కుర్చీలు విప్పాలి కదా. రాయిస్ కొట్టు వెనకే ఆ హాలు. అక్కడికి ఆడవాళ్ళు రారు, చేతుల ఆరోగ్యం గురించి ఎవరూ అడగరు. వెర్లిన్ ఖాళీ తుపాకీని ఎత్తిపట్టి ఉపన్యాసం మొదలెట్టాడు.

"సోదరులారా, కీలు అంటే కేవలం కీలు కాదు. అది నమ్మకం. మడమ తిప్పే మనిషిని మనం నమ్మం. కానీ మడమ తిప్పే తుపాకీ, క్షమించాలి, ఆసరా తిప్పే పిస్తోలు, అదీ స్వేచ్ఛంటే. నా పదకొండు వారాల అనుభవంలో..."

అని కుడిచేత్తో ఒక్క విదుపు విదిపాడు. టక్కుమంది. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు ఆగాక కూడా ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది, ఎందుకంటే గుమ్మంలో నాడీన్ నిలబడి ఉంది.

ఆమె పక్కన డెలోరిస్ పింక్‌స్టన్ ఉంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. హాల్లో ఉన్న వాళ్ళందర్నీ ఒకప్పుడు స్కూలు బస్సులో తోలుకెళ్ళింది ఈవిడే. ఎవడు ఏ సీటు కింద బబుల్‌గమ్ అంటించాడో ఇప్పటికీ చెప్పగలదు. ఆవిడ రాగానే ఇరవై ముగ్గురూ లేచి నిలబడి టోపీలు తీశారు.

"కూర్చోండ్రా. వెర్లీ, నీకోసమే వచ్చాన్రా. నాడీన్‌ని దింపమన్నాను." ఆవిడ ఎడమ చొక్కాచెయ్యి మోచేతి కింద ముడేసి ఉంది. "ఆరేళ్ళ కింద గడ్డి చుట్టే యంత్రం నా చెయ్యి తీసుకుంది, నీకు తెలుసు. పొడుగు తుపాకీ ఒంటిచేత్తో నిలవట్లేదు. ఈ నెల్లో కోయోటీ నక్కలు నాలుగు మేకల్ని లాక్కుపోయాయి. ఇంక తొమ్మిదే ఉన్నాయి. నీకేదో ఆసరా దొరికిందని చర్చిలో విన్నాను. పట్టీ ఎలా బిగించుకోవాలో చూపించు నాయనా."

వెర్లిన్ చేతిలో ఉన్నదాన్ని చూశాడు. ఏడు రకాల కీళ్ళు తెలుసు, నాలుగు రకాల మట్టి రంగులు తెలుసు. పట్టీ ఎక్కడుందో తెలీదు.

"పట్టీ..." అన్నాడు.

"రాయిస్, పట్టీ నీ దగ్గరుంటుందా?" అన్నాడు మళ్ళీ.

రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "ఉంటాయి. అందరూ కొన్నరోజే పీకేస్తారు కదా. ఒక సొరుగు నిండా ఉన్నాయి. కొన్ని మా ఆవిడ టొమాటో మొక్కలకి కట్టింది."

డెలోరిస్ అందరి మొహాలూ వరసగా చూసింది, బస్సు అద్దంలో చూసినట్టు. "పట్టీ పీకేస్తే దీన్నెక్కడ పెట్టుకుని కాలుస్తున్నార్రా? భుజానికా?"

ఇరవై ముగ్గురి తలలూ కాఫీ కెటిల్ వైపు తిరిగాయి.

"అమ్మా, ఆ మాట అన్నవాళ్ళు కాఫీ కాయాలి" అన్నాడు రాయిస్ అలవాటుకొద్దీ.

"కాయను. వెళ్ళి పట్టీ తేరా."

సొరుగుకి సొరుగే వచ్చింది. వెర్లిన్ పట్టీని ముందు తిరగేసి దూర్చాడు, తర్వాత బోర్లేసి దూర్చాడు. మూడోసారి తన వేలే ఇరుక్కుంది. పెద్దలు చుట్టూ మూగి తలో సలహా ఇచ్చారు. పదేళ్ళుగా ఆ వస్తువు అమ్ముతున్నవాడూ, కొన్నవాళ్ళూ, దాన్ని కాపాడమని చట్టసభకి ఉత్తరాలు రాసినవాళ్ళూ అక్కడే ఉన్నారు. చేతికి ఎలా తొడగాలో ఒక్కడికీ తెలీదు.

"తప్పుకోండి. నాకో కుర్చీ కావాలి, ఊగనిది" అంది డెలోరిస్.

వెర్లిన్ పరుగెత్తాడు. "మూడో వరుసలో చివరిదమ్మా. అదొక్కటే ఊగదు." విప్పి, తుడిచి, గోడ పక్కన నేల చదునుగా ఉన్నచోట వేశాడు. ఆవిడ కూర్చుని, పెట్టెలో పదకొండు రోజులుగా ఎవరూ విప్పని సూచనల కాగితం మోకాలి మీద పరుచుకుని చదివింది, పట్టీ కొస పళ్ళతో పట్టుకుని లాగింది. రెండు నిమిషాలు. తర్వాత హాలు వెనక మైదానంలోకి నడిచి గురికి వేలాడదీసిన ఇనప పళ్ళెం మీదికి ఐదుసార్లు కాల్చింది. నాలుగుసార్లు గంట మోగినట్టు మోగింది.

అప్పుడు నాడీన్ అడిగింది. "నీ చెయ్యెలా ఉంది వెర్లిన్?"

"బాగానే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

నాడీన్ తలూపింది. చేతిసంచిలోంచి పెన్నూ కాగితమూ తీసి, మిగతావాళ్ళని ఒక్కొక్కర్నే పలకరించడం మొదలెట్టింది. "మీ దగ్గరా ఉందా అన్నయ్యగారూ ఇలాంటిది? దేనికండీ అది?" ప్రతివాడూ నేలచూపులు చూస్తూ, ఏళ్ళ తరబడి అలవాటైన వాక్యమే చెప్పాడు: చేతికి ఆసరా అండీ, పట్టు చాలనివాళ్ళకి. ఆమె చక్కగా రాసుకుంది.

ఎన్నిక జరిగింది. ఎవరో డెలోరిస్ పేరు ముందుకు తెచ్చారు. ఆవిడకి సభ్యత్వం లేదన్న అడ్డంకిని రాయిస్ నిలబడ్డ పళంగా తొలగించాడు. డెలోరిస్‌కి ఇరవై ఒకటి, ఖాళీకి రెండు. వెర్లిన్ ఓటు కూడా వెర్లిన్‌కి పడలేదు. ఆయన బ్రేసున్న తుపాకీతో పాటు ఓటు కూడా ఆవిడకే ఇచ్చేశాడు.

"కుర్చీల పనెవరిది?" కొత్త అధ్యక్షురాలి మొదటి ప్రశ్న.

"నాదేనమ్మా" అన్నాడు వెర్లిన్.

"వాడి దగ్గరే ఉండనివ్వండి. ఆ పనొకటి వాడికి నిజంగా వచ్చు."

పద్నాలుగేళ్ళలో ఆయనకి దక్కిన మొదటి మెప్పు అది. అరవైనాలుగూ మడిచేదాకా దాన్నే నెమరేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, చర్చికి వెళ్ళేలోపే, స్నానాలగది పైకప్పు ఎక్కాడు, రెండు చేతులతో.

ఆ ఆదివారం చర్చిలో పాస్టర్ ట్రెంట్ ఒక సవరణ చదివాడు. సోదరుడు వెర్లిన్ చెయ్యి బాగానే ఉందనీ, మొదట్నుంచీ బాగానే ఉందనీ, ఆసరా తుపాకీదనీ, దాన్ని ఇప్పుడు అవసరమున్న మనిషి వాడుతోందనీ, మేకలు తొమ్మిదీ క్షేమమనీ, గిన్నెలు కడిగి వరండాలో పెట్టామనీ. తర్వాత నాడీన్ ఇచ్చిన కాగితం విప్పాడు.

"చేతుల్లో పట్టు చాలక ఆసరాతో బతుకుతూ, ఇన్నాళ్ళూ మనకి చెప్పుకోలేకపోయిన ఈ సోదరుల కోసం ప్రార్థిద్దాం" అని ఇరవై రెండు పేర్లు, ఒక్కోదాని దగ్గరా ఆగుతూ, నిండుగొంతుతో చదివాడు.

నా చెయ్యి బాగానే ఉందని లేచి చెప్పినవాడు లేడు. చెబితే, మరి ఆ ఆసరా దేనికయ్యా అని చట్టం అడగొచ్చు. ఇరవై రెండు తలలు వంగాయి. ఇరవై రెండు కుడిచేతులు ఒళ్ళో పడుకున్నాయి. అమ్మలక్కలు అప్పుడే మనసులో ఆలుగడ్డలు లెక్కేసుకుంటున్నారు.

తర్వాత కీర్తన మొదలైంది. క్లబ్బు మగవాళ్ళలో పుస్తకం పైకెత్తింది వెర్లిన్ ఒక్కడే. డెలోరిస్ అందరికన్నా ఎత్తుగా పట్టుకుంది, ఒంటిచేత్తో.