పూలి దీర్ఘసమరం

ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి. నా చెయ్యి మెల్లగా నడుస్తుంది, కథ దాని వెనకే వస్తుంది.

అవధరించండి! తరుణారుణకిరణాలు తునికిచెట్ల చివుళ్లపై దొర్లుతున్న వేసవి పొద్దున, ఇల్లందు అడవి అంచు తండాలో, కుక్కుటధారిణి, మోకాళ్లు నొచ్చినా ఆగని జానుపీడాజయధురీణ అయిన పూలి అవ్వ, ఇల్లందు దవాఖానాలో ఉన్న బాలింత కూతురికి కోడి చారు తాగించే భీషణ ప్రతిజ్ఞ పూని, వదిన ద్వాలి ఇచ్చిన కోడిని చంకనిడుకొని, బస్సు కొరకు నిలిచెను.

బస్సు రాలేదు.

ఏల రాలేదనగా, “పూలి నా కోడినెత్తుకపోయింది” అని ద్వాలి ఫోనులో తనతో నవ్వులాటకన్న మాటలోని దీర్ఘమును నిర్దాక్షిణ్యముగా ఖండించి, విలేకరి రాజేష్ తన ఫోను చానెల్లో ‘తండాలో పులి! కోడిని ఎత్తుకెళ్లింది! వణుకుతున్న జనం!’ అని సింహనాదము చేసెను. అది చూచిన డ్రైవరు పెద్దరోడ్డు మీదనే బస్సును వెనుదిప్పెను.

అంతట పూలి, ప్రళయకాల మేఘమువలె గర్జించుచు, చాయ్ హోటలు బల్లపై ఆసీనుడైన రాజేష్‌పై దండెత్తెను.

“ఓరి రాజేషూ! నా పేర్ల దీర్ఘం ఏడ దాస్తివిరా?”

“గది పెడితే ఎవరు చూస్తరవ్వా? సెన్సేషన్ పోతది.”

“సెన్సేషన్ అంటే ఏంది?”

“గింతదాన్ని గంత చేసి చెప్పుడు.”

“ఓహో! నీ తల నరికి గుమ్మానికి కడతా అంటే?”

“అవ్, గట్లనే! గది సెన్సేషన్.”

“మరి గిది?” అని వాని చెవి పట్టి మెలిపెట్టెను.

“అమ్మో! గిది వార్త! గిది వార్తవ్వా!”

ఇట్లు శబ్దార్థనిర్ణయము ముగియగా, కర్ణపీడితుడైన రాజేష్ బొటనవ్రేలితో దీర్ఘమును పునఃప్రతిష్ఠించెను. మిగిలినవి దిద్దుటకు చెవి ఓర్వలేదు. ‘తండాలో పూలి! కోడిని ఎత్తుకెళ్లింది! వణుకుతున్న జనం!’

పులి లేదని తెలిసి మధ్యాహ్నపు బస్సు వచ్చెను. కాలు మోప చోటులేని జనసమ్మర్దము!

“పేరేందవ్వా?” అని కండక్టరు కోడిని చూచుచు అడిగెను.

“పూలి.”

బస్సంతయు ఫోనులోని వార్తను, చంకలోని కోడిని మార్చి మార్చి చూచెను. ఇద్దరు కూర్చుండు కిటికీ సీటు క్షణములో ఖాళీ అయ్యెను. కిటికీ పక్కన కోడి, కోడి పక్కన పూలి. చారు సంగతి ఒకరికొకరు చెప్పుకొనలేదు.

అష్టదిక్కులారా, ఆలకించండి! ఇల్లందు దాకా పూలి నిలబడలేదు!

భారతమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు మధిరలో ఉంటున్నాను.