రెండు ముడుల రిజిస్టరు

ఒక పెద్ద అడవిలో, 1999 డిసెంబరు 11వ తేదీ శనివారం నాడు, తెల్లవారేసరికి పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, ఏనుగుకు తన తొండం ఎటుందో తోక ఎటుందో తెలియలేదు. ఏడింటికి సన్నటి జల్లు పడింది. తొమ్మిదింటికి ఎండ కాసింది. జల్లుతోనూ ఎండతోనూ మనకు పెద్దగా పనిలేదు. తేదీ మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఈ కథలో ఒక ప్రాణం పోయింది తేదీ వల్లనే.

ఆ ఉదయం కూడా ఓబులేశు అనే ముసలి దుప్పి అలవాటు ప్రకారం చప్పటి బండ ఎక్కి వార్తలు చెప్పాడు.

అప్పటికి అడవికి నెట్టు వచ్చి ఏడాది. సాలీళ్లు చెట్టుకూ చెట్టుకూ, అడవికీ అడవికీ దారాలు కట్టాయి. ఆ చివర మీటితే ఈ చివర అదిరేది. ఆ అదురును చదవడం సాలమ్మ అనే ముసలి సాలీడుకే తెలుసు. ఆమె చదివి చెప్పినవాటిలోంచి ఓబులేశు రోజుకు ఆరు వార్తలు ఏరి కూర్చేవాడు. నెట్టు రాకముందు వార్తలు కొంగలు తెచ్చేవి. ఏడాదికి రెండుసార్లే వచ్చేవి గానీ, వాటి మీద నమ్మకం ఎక్కువ. అబద్ధం చెప్పడానికి కొంగ అంత దూరం ఎగరదు కదా.

ఓబులేశుకు ముప్పై ఏళ్లుగా ఒక పద్ధతి ఉంది. వింతలు ముందు, రాజకీయం మధ్యలో, యంత్రాల సంగతి ఆఖరున. రుచైనది ముందు వడ్డించాలి, ఒంటికి పట్టేది తర్వాత అనేవాడు. పద్ధతిలో లోపమల్లా ఒక్కటే. ఆరో వార్త వచ్చేసరికి బండ ముందు ఎవరూ మిగిలేవారు కాదు.

"మొదటి వార్త," అన్నాడు ఓబులేశు. "తూర్పు అడవిలో ఒక గుడ్లగూబ ఆడనెమలినని చెప్పుకుని దారం మీద ఆరు నెలలు ప్రేమ కబుర్లు చెప్పింది. తీరా కలుసుకుంటే, అవతల కూడా గుడ్లగూబే. సొంత బామ్మర్ది."

బండ ముందు జంతువులు పడీ పడీ నవ్వాయి.

"పెళ్లి ఖర్చు తప్పింది!" అంది వెనకనుంచి ఒక అడవిపంది.

"రెండో వార్త. చనిపోయిన ఏనుగురాజు భార్యనంటూ ఎవరో ఉత్తరం పంపారు. దంతాలు దాటించడానికి సాయం చేస్తే సగం ఇస్తారట. ముందు ఖర్చులకు కాస్త తేనె పంపమన్నారు. ముగ్గురు ఎలుగులు పంపేశారు."

అందరూ భద్రయ్య వైపు చూశారు. భద్రయ్య ఎలుగుబంటి, మండలి కార్యాలయంలో రిటైరైన పెద్ద గుమాస్తా. ఆయన నేలకేసి చూశాడు.

"మూడో వార్త. దిగువ ఏట్లో ఒక మొసలి డాట్‌కామ్ కంపెనీ పెట్టింది. ఏమీ అమ్మదు. దాని విలువ ఏటికంటే ఎక్కువ అయింది. నాలుగో వార్త. మంచి మామిడిచెట్టు ఏదో తేల్చడానికి మన మండలి దారం మీద ఓటింగు పెట్టింది. నూట పద్నాలుగు కోతులు తొమ్మిది వేల ఓట్లు వేశాయి. చింతచెట్టు గెలిచింది."

"ప్రజాతీర్పు!" అన్నాడు మండలి అధ్యక్షుడు మారెప్ప. ఆయన కోతి. దానితో సభ ముగిసిందనుకుని అందరూ లేచారు.

ఐదోది తోడేళ్ల పార్టీ హామీ. బొరియ బొరియకూ దారం ఇస్తారట, గడ్డి సంగతి తర్వాత ఆలోచిస్తారట. అది వినడానికి ఇద్దరున్నారు.

"ఆరో వార్త," అన్నాడు ఓబులేశు, బండ ముందు ఎవరూ లేకపోయినా. "మన అడవి రిజిస్టరులో సంవత్సరాన్ని రెండే ముడులతో, అంకెకో ముడి చొప్పున రాస్తున్నారు. ఇప్పుడు తొమ్మిది, తొమ్మిది. జనవరి ఒకటిన అది సున్నా సున్నా అవుతుంది. అప్పుడు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. వార్తలు సమాప్తం."

పొదలో ఒక్క చెవి మాత్రం నిక్కబొడుచుకుంది. అది నక్క నరహరిది. ఆయన పట్నం చెత్తకుండీ దగ్గర ఆరు నెలలుండి వచ్చి, ఆ అనుభవంతో మండలికి సాంకేతిక సలహాదారు అయ్యాడు.

ఇక్కడ ఆ రిజిస్టరు సంగతి చెప్పాలి. పూర్వం అడవిలో ఎవరు ఏ ఏట వచ్చారో, ఏ చోటు ఎవరిదో భద్రయ్య బుర్రలో ఉండేది. నరహరి వచ్చాక దాన్ని దారాలకు ఎక్కించారు. ఒక్కో జంతువుకు ఒక్కో దారం. దాని మీద వచ్చిన ఏడూ, ఉన్న చోటూ. ఒకే చోటుకు ఇద్దరు పేచీ పడితే, ముందు ఏడు ఉన్నవారిది చోటు. చోటు పోయినవారి దారం తెంపేస్తారు.

అదే రిజిస్టరు చూసి వంతు కూడా వేస్తారు. పెద్దపులి దొరవారికీ ఈ అడవికీ ఒక ఒడంబడిక ఉంది. ఆయన ఇష్టం వచ్చినట్టు వేటాడరు. ప్రతి అమావాస్య మధ్యాహ్నం, రిజిస్టరులో అందరికంటే పెద్దవారు డప్పులతో, దండలతో గుహకు వెళ్తారు. తిరిగి రారు. మిగతా రోజులు దొరవారు పక్క అడవిలో పర్యటన మీద ఉంటారు.

నాలుగు రోజుల కిందటే ముసలి అడవిదున్న వెళ్లింది. ఇప్పుడు రిజిస్టరులో పెద్ద ఓబులేశు. వచ్చిన సంవత్సరం అరవై రెండు. దుప్పి అన్నేళ్లు బతుకుతుందా అని అడిగేవారు కథలు వినకూడదు.

వంతు వచ్చిందని ఓబులేశు ఏడవలేదు. ఆయన దిగులంతా వాగు మలుపులో ఉన్న గడ్డిమడి గురించి. తన తర్వాత అది భార్య నాగమ్మకు చెందాలని సాలమ్మ చేత దారం మీద రాయించాడు.

"నేను పోయినా నీ కడుపుకు లోటుండదు," అన్నాడు.

"కడుపు సంగతి సరే, పొద్దున్నే ఆ బండ ఎక్కి వాగేవాళ్లెవరు? నాకు అలవాటైపోయింది," అంది నాగమ్మ, అటు తిరిగి.

ఆ సాయంత్రమే నరహరి సాలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, తొంభైతొమ్మిది తర్వాత మూడో ముడి వెయ్యవా?"

"మంజూరు లేదు నాయనా. పందొమ్మిది వందలు అందరికీ ఉన్నదేగా, దారం దండగ అన్నారు. పొదుపు చేసినందుకు నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అదుగో, వేలాడుతోంది."

"మంచి పని చేశావు. మార్చకు," అన్నాడు నరహరి.

జనవరి ఒకటి తెల్లవారింది. ఆకాశం విరిగి పడలేదు. దారాలన్నీ యథాప్రకారం ఉన్నాయి. నరహరి సూర్యోదయానికల్లా కార్యాలయానికి వచ్చి, తన పాత దారం తెంపించుకుని, కొత్తగా పేరు ఎక్కించుకున్నాడు. సంవత్సరం, సున్నా సున్నా. చోటు అన్నచోట అడవిలోని ప్రతి బొరియ, ప్రతి పొద, ప్రతి వాగు మలుపూ రాయించాడు. దొరవారి గుహ ఒక్కటి వదిలేశాడు. నరహరికి ఆమాత్రం తెలివి ఉంది.

మధ్యాహ్నానికి మండలి సమావేశమైంది. ఒక పక్క అడవంతా, ఒక పక్క నరహరి.

"చదువు సాలమ్మా," అన్నాడు మారెప్ప.

"నరహరిగారు, సున్నా సున్నా. ఓబులేశు, అరవై రెండు. భద్రయ్య, అరవై ఆరు..."

"సున్నా ముందా, అరవై రెండు ముందా?"

"సున్నాయే ముందండీ."

ఓబులేశు లేచాడు. "అయ్యా, ఆ సున్నా మొన్నటి తొంభైతొమ్మిది తర్వాత వచ్చిన సున్నా. నిన్నగాక మొన్న బండ మీద చెప్పాను."

"ఎన్నో వార్తగా?" అన్నాడు మారెప్ప.

"ఆరో వార్త."

సభ నిట్టూర్చింది. భద్రయ్య లేచి, "వీడు పుట్టింది ఎనభై ఎనిమిదిలో. వాగు అవతల. నాలుగు పిల్లల్లో మూడోవాడు. నాకు గుర్తుంది," అన్నాడు.

నరహరి వినయంగా నవ్వాడు. "భద్రయ్యగారు రిటైరయ్యారు. వారి జ్ఞాపకం కూడా రిటైరైనట్టే. అధ్యక్షా, మనం ఆధునిక యుగంలో ఉన్నాం. ఎవరికి ఏది గుర్తుందో దాన్నిబట్టి అడవి నడుస్తుందా? రిజిస్టరులో ఉన్నదే నిజం, నోటిమాట చెల్లదు అని తీర్మానం చెయ్యండి."

మారెప్ప ఆలోచించాడు. తన చెట్టు ఎలాగూ పోయింది. అధ్యక్ష పీఠమైనా మిగలాలంటే అడవి యజమానితో మంచిగా ఉండటం మేలు. తీర్మానం నెగ్గింది. అక్కడికక్కడే సాలమ్మ పటపటా దారాలు తెంపింది.

ఓబులేశు ఇంటికి వచ్చాడు. ఇల్లు అనడానికి అది ఇప్పుడు నరహరిది.

"నీకు గడ్డి కూడా మిగల్చలేకపోయాను," అన్నాడు.

"ముందు నువ్వు కూర్చో," అంది నాగమ్మ. "అద్దె అడిగేదాకా మనదే."

జనవరి ఆరు గురువారం అమావాస్య. ఓబులేశు వాగులో స్నానం చేసి, మెడలో వేసుకునే దండకు వీలుగా కొమ్ములు శుభ్రం చేసుకుని, పొద ముందు నిలబడ్డాడు. నాగమ్మ పక్కనే నిలబడింది. డప్పులు దగ్గరికొచ్చాయి. మలుపు తిరిగాయి. పొద ముందుకు వచ్చాయి.

దాటి వెళ్లిపోయాయి.

"ఓయ్ మారెప్పా!" అని కేకేశాడు ఓబులేశు. "దారి తప్పారేమిటయ్యా? నేనిక్కడున్నాను!"

"నువ్వు రిజిస్టరులో లేవు ఓబులేశూ," అన్నాడు మారెప్ప నడుస్తూనే. "అడ్డు లే."

డప్పులు నరహరి గుహ ముందు ఆగాయి. నరహరి బయటికొచ్చి, యజమానిగా తనకు సన్మానమనుకుని, మెడ వంచి దండ వేయించుకున్నాడు. వంతు అన్న సంగతి ఆయనకు తట్టనేలేదు. అది ముసలివాళ్ల వ్యవహారం, తనకు పన్నెండేళ్లు. ఆస్తి కాగితం రాయించుకునేవాళ్లు ఆస్తి ఉన్న పేరానే చదువుతారు.

సగం దారిలో అర్థమైంది.

"నేను పెద్దవాణ్ణి కాను! సున్నా అంటే రెండు వేలు! మొన్న పుట్టిన సున్నా!"

"నోటిమాట చెల్లదండీ," అన్నాడు మారెప్ప. "తమరి తీర్మానమే."

"భద్రయ్యా! ఎనభై ఎనిమిది అని చెప్పవయ్యా! నాలుగు పిల్లల్లో మూడోవాణ్ణి!"

"నా జ్ఞాపకం రిటైరైంది బాబూ," అన్నాడు భద్రయ్య.

"ఓబులేశన్నా! నువ్వైనా చెప్పు! నువ్వే పెద్దవాడివి!"

ఓబులేశు దగ్గరికి వచ్చాడు. చెప్పే ఉండేవాడేమో కూడా. కానీ నాగమ్మ ఆయన పక్కన వచ్చి నిలబడింది.

"నాకు దారం లేదు నరహరీ," అన్నాడు. "లేనివాడి సాక్ష్యం ఎక్కడ చెల్లుతుంది?"

డప్పులు సాగిపోయాయి.

మర్నాడు పర్యటనకు బయలుదేరబోతూ దొరవారు సాలమ్మను పిలిపించారు. నక్క మాంసం ఆయనకు పడలేదు.

"వచ్చే అమావాస్యకు కాస్త మంచిది పంపించండి. రిజిస్టరులో తర్వాత పెద్ద ఎవరు?"

సాలమ్మ దారాలన్నీ తడిమింది. ఒక్కటే చేతికి తగిలింది.

"డెబ్బై ఒకటి, దొరా."

"ఎవరది?"

"తమరే, దొరా."

దొరవారు మీసాలు సర్దుకున్నారు.

"ఇంకెవరూ లేరా?"

"అడవిలో ఉన్నారు దొరా. రిజిస్టరులో లేరు."

"అడవిలో ఉంటే ఏం లాభం? రిజిస్టరులో ఉండాలి!" అన్నారు దొరవారు. ఆయన గొంతులో ప్రజల మీద అంత ప్రేమ అంతకుముందు ఎవరూ వినలేదు.

అదే సాయంత్రం ప్రకటన వచ్చింది. అందరి చోట్లూ అందరికీ తిరిగి ఇస్తారు. మళ్లీ పేరు ఎక్కించుకోవాలి. రుసుము లేదు. గడువు ఆదివారం.

శనివారం పొద్దున ఓబులేశు బండ ఎక్కేసరికి కార్యాలయం ముందు అడవంతా వరుస కట్టి ఉంది. అందరికంటే ముందు మారెప్ప, ఆయన వెనక ముగ్గురిని మోచేతులతో నెట్టుకొచ్చిన అడవిపంది. ఓబులేశు మొదటి వార్త చెప్పాడు. మొసలి కంపెనీ విలువ మళ్లీ పెరిగింది. మొసలికి తిండి మాత్రం లేదు. వరుస నవ్వింది. ఐదు వార్తలూ అయ్యాయి.

"ఆరో వార్త. ఈ ఏడు పేరు ఎక్కినవారందరికీ సున్నా సున్నాయే పడుతుంది. అంటే దొరవారికంటే అందరూ పెద్దలే. అందరూ సమానమైతే వరుసలో ముందున్నవారు పెద్ద. వంతు వాళ్లతో మొదలవుతుంది."

ఎవరూ వినలేదు. ఓబులేశు ముప్పై ఏళ్లలో మొదటిసారి పద్ధతి తప్పి, బండ దిగి, వరుస దగ్గరికి వెళ్లి అదే వార్త మళ్లీ చెప్పాడు.

"ఏమయ్యోయ్, మధ్యలో దూరాలని ఎత్తు!" అంది అడవిపంది.

"వెనక్కి, వెనక్కి!" అన్నాడు మారెప్ప. "ముందు వచ్చినవాడిది ముందు."

ఓబులేశు వెనక్కి వచ్చాడు. నాగమ్మ ఆయన మొహం చూసింది.

"మనం నిలబడొద్దా?"

"నా మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి," అన్నాడు. ఇద్దరూ దారి పక్కన ఎవరి పేరా లేని గడ్డి మేస్తూ వెళ్లిపోయారు.

ఇక ఎవరికి ఏమి దక్కిందంటే: నరహరి గుహ అత్తగారికి చెందింది. ఆవిడ పట్నంనుంచి వచ్చి చూసి, ఇక్కడ చెత్తకుండీ లేదేమని అడిగి వెళ్లిపోయింది. నరహరి తోక కార్యాలయానికి దుమ్ము దులపడానికి వచ్చింది. ఓబులేశు గడ్డిమడి గడువు దాటింది గనక మారెప్ప తన పేర రాయించుకున్నాడు. నెల తిరక్కుండా, అంటే తర్వాతి అమావాస్యకు, మారెప్ప గడ్డిమడీ, చెట్టూ, అధ్యక్ష పీఠమూ వరుసలో రెండోదైన అడవిపందికి సంక్రమించాయి, వంతుతో సహా. భద్రయ్య గడువంతా నిద్రలో ఉన్నాడు, ఆయనకు ఆ నిద్రే మిగిలింది. సాలమ్మకు మూడో ముడి మంజూరైంది, మరో తొమ్మిది వందల ఏళ్లకు ఢోకా లేదు. ఓబులేశుకు ఏమీ రాలేదు. పేరు రాలేదు, మడి రాలేదు, వంతూ రాలేదు. నిన్న పొద్దున కూడా బండ ఎక్కి ఆరు వార్తలు చెప్పాడట.

నీతి: రికార్డుల్లో ముందుగా పేరు ఎక్కించుకోవాలని తొందరపడండి, ఆకలైనవారు పైనుంచే చదువుతారు.