కోడికి రెండు సీసాలు

ఆ శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ అవుతుందని సదాశివం గారు వారం ముందే చూసిపెట్టుకున్నారు. కొడుకు ఆదర్శ్ తన ఆఫీసుకి, కోడలు భావన తన ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లిపోతారు. భార్య సులోచన గారు ముందురోజే ఇల్ఫర్డ్‌లో చెల్లెలింటికి వెళ్లారు, శనివారం దాకా రారు. అంటే ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్‌లోని ఆ ఇల్లు, వంటింటితో సహా, సాయంత్రం దాకా ఆయనదే. రెండో కారు కూడా వీధి మలుపు తిరిగాక, జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసి టేబుల్ మీద పరిచారు.

లైబ్రరీలో ప్రింటు తీయించుకున్న వంట పద్ధతి అది. కోడిని ఎర్ర వైన్‌లో, చిన్నుల్లిపాయలూ పుట్టగొడుగులూ క్యారట్టూ వేసి, మూత పెట్టి రెండు గంటలు సన్నసెగ మీద మగ్గించే ఫ్రెంచి పల్లెటూరి వంటకం. పేరు కోకోవాన్. అందులో కోకో పొడి పడుతుందని ఆయన మొదట అనుకున్నారు. కాకినాడలో ముప్ఫై నాలుగేళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పిన మనిషి కాబట్టి ప్రతి కొలత కిందా ఎర్ర సిరాతో గీత గీశారు. పంది మాంసం ముక్కలు వెయ్యమన్న చోట అదే సిరాతో అడ్డంగా కొట్టేశారు. వంట కూడా ప్రయోగం లాంటిదే, పద్ధతి ప్రకారం చేస్తే ఫలితం రాక ఎక్కడికి పోతుందని ఆయన ధైర్యం.

ఈ సాహసానికి కారణం మూడు వారాల కిందటి ఒక ఆదివారం. ఆ రోజు పదిమంది భోజనానికి వచ్చారు. భావన పొద్దుట్నుంచీ నిలబడి చికెన్ వండింది. వచ్చినవాళ్లని నవ్విద్దామని సదాశివం గారు, మా కోడలి చికెన్ బాలింతలకి పెట్టే పథ్యంలా ఉంటుంది, తిన్నవాళ్లకి డాక్టరుతో పనుండదు అన్నారు. అందరూ నవ్వారు. భావన కూడా నవ్వింది. మర్నాటినుంచి ఆ పిల్ల మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టింది. మావయ్యగారూ టీ పెట్టమంటారా, మావయ్యగారూ హీటింగ్ వెయ్యమంటారా, అంతే.

అంతకుముందు అలా ఉండేది కాదు. ఆఫీసునుంచి వస్తూనే బూట్లు కూడా విప్పకుండా ఆయన పక్కన సోఫాలో కూలబడి, అరగంటసేపు మేనేజరు మీద చాడీలు చెప్పేది. ఆఫీసు పని మీద ఫ్రాన్సులోని లియాన్ వెళ్లినప్పుడు ఒక ముసలావిడ నడిపే చిన్న హోటల్లో తిన్న ఈ కోడి గురించి కూడా అలాంటి అరగంటల్లోనే చెప్పింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ అరగంటలు ఆగిపోయాయి. ఇంట్లో చికెన్ వండడమూ ఆగిపోయింది. క్షమాపణ అడుగుదామని సదాశివం గారు రెండుసార్లు ఆమె గది తలుపుదాకా వెళ్లారు. రెండుసార్లూ వైఫై పాస్‌వర్డ్ అడిగి వెనక్కి వచ్చారు. ఆయన వీసా ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. ఈ మాట మధ్యలో పెట్టుకుని విమానం ఎక్కడం ఆయనకి ఇష్టం లేదు.

సూపర్‌మార్కెట్‌లో కోడి దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది. వైన్ దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. అరవై ఏడేళ్ల జీవితంలో ఆయన మందు సీసా చేత్తో పట్టుకోలేదు. గోడ పొడుగునా వందల సీసాలు చూసి బెదిరి, అక్కడ సామాను సర్దుతున్న అమ్మాయిని అడిగి ఒకటి తీసుకున్నారు. ప్రయోగంలో ఒలికిపోతే ఉంటుందని ఇంకొకటి తీసుకున్నారు. పద్ధతిలో రెండు చెంచాల బ్రాందీ కూడా రాసి ఉంది కాబట్టి ఒక చిన్న బ్రాందీ సీసా తీసుకున్నారు. కోడి సంచి అడుగున పడింది, సీసాలు పైకి తేలాయి.

బయటికి వచ్చే చోట గిరిజ ఎదురైంది. వెనక వీధిలో ఉంటుంది, జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టు, మంచి పిల్ల. ఆమె చూపు సంచి మీద పడి అక్కడే ఆగింది. టైము ఇంకా పదిన్నర కాలేదు.

సదాశివం గారి చెవులు వేడెక్కాయి. "ఇవి నాకు కాదమ్మా," అన్నారు. "కోడికి."

గిరిజ ఆయన మొహం వంక జాలిగా చూసింది. "అలాగే అంకుల్," అంది. "ఇంటికి జాగ్రత్తగా వెళ్లండి. రోడ్డు దాటేటప్పుడు చూసుకోండి."

ఆమెకి చాడీలు చెప్పే అలవాటు లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎలా చేయి జారిపోతారో సర్జరీలో రోజూ చూస్తుంది కాబట్టి, భావనకి ఒక్క మెసేజ్ మాత్రం పెట్టింది: అంకుల్ ఈమధ్య బాగానే ఉంటున్నారా?

భావన ఆ మెసేజ్ చూసుకుని ఇంటికి ఫోన్ చేసేసరికి, సదాశివం గారు ఇరవై చిన్నుల్లిపాయలు వలిచి ఉన్నారు. కళ్లూ ముక్కూ ధారలు కడుతున్నాయి. కోడి ముక్కలు నూనెలో ఎర్రబడ్డాయి. బ్రాందీ పోసి అగ్గిపుల్ల చూపించమని కాయితంలో ఉంది, ఆయన చూపించారు. మంట లేచి ఎడమ కనుబొమ్మని ముద్దు పెట్టుకుని పోయింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి గెంతడంతో చేతిలో ఉన్న బ్రాందీ సగం చొక్కా మీద పడింది. పైన స్మోక్ అలారం అరవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది.

"మావయ్యగారూ, ఏం చేస్తున్నారు?" అంది భావన.

సాయంత్రం దాకా సంగతి దాచాలి. "పడుకున్నానమ్మా," అన్నారు ముద్దగా, ముక్కు ఎగపీలుస్తూ.

"ఆ మోత ఏంటండీ?"

"టీవీ. ఎవరిదో ఇల్లు తగలబడుతోంది."

"మీ గొంతు అలా ఉందేంటి?"

"నాకేం కాలేదు. చక్కగా నిలబడగలుగుతున్నాను," అని ఆయన ఫోన్ పెట్టేసి, తువ్వాలు పట్టుకుని అలారం వైపు పరుగెత్తారు.

 భావన గిరిజకి ఫోన్ చేసి అడిగింది. గిరిజ దాచలేక సీసాల సంగతి చెప్పింది. భావన ఆదర్శ్‌కి చెప్పింది. ఆదర్శ్ తండ్రికి నాలుగుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోయేసరికి ఇల్ఫర్డ్‌కి చేసి, నాన్న ఎప్పుడైనా తాగేవారా అని తల్లిని అడిగాడు. నాకు తెలిసి లేదని సులోచన గారు చెప్పి, చీర మార్చుకోకుండా చెల్లెలి భర్త వెంకటసుబ్బారావుని కారు తియ్యమన్నారు. శుక్రవారం మధ్యాహ్నం మోటర్‌వే మీద ఆ కారు కదిలిన దానికన్నా ఆగిందే ఎక్కువ.

ఈలోగా గిరిజ, ఎవరైనా పెద్దాయన వెళ్లి చూస్తే మంచిదని, తెలుగు సంఘంలో పెద్దల ఆదివారం సమావేశాలు నడిపే రామలింగయ్య గారికి చెప్పింది. పుట్టుకనుంచి శాకాహారి, నెమ్మదస్తుడు. రెండు గంటలకి ఆయన తలుపు కొట్టారు.

తలుపు తీసిన సదాశివం గారిని చూసి ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. ఎర్రటి కళ్లు, సగం కాలిన కనుబొమ్మ, చొక్కా మీద బ్రాందీ వాసన. ఇల్లంతా కల్లుపాకలా గుప్పుమంటోంది. సదాశివం గారు శాకాహారిని కోడి ఉడికే చోటికి తీసుకెళ్లడం బాగుండదని వంటింటి తలుపు మూసి, ముందుగదిలో కూర్చోబెట్టారు. ఆ తలుపు మూసిన తొందర రామలింగయ్య గారి కంట పడింది.

"గిరిజ నాకంతా చెప్పింది మాస్టారూ," అన్నారు.

కోడి సంగతి ఆ పిల్లకి చెప్పడం పొరపాటైందని సదాశివం గారు లోపల్లోపల నొచ్చుకున్నారు. ఇక దాచి లాభం లేదు.

"ఎన్నాళ్లనుంచి?"

"మూడు వారాల్నుంచీ అనుకుంటున్నానండి. ధైర్యం చాల్లేదు. ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు కదాని మొదలెట్టేశా."

"ఎంత?"

"ముప్పావు సీసా చాలన్నారు. మొదటిసారి కదా, తెలీక సీసా మొత్తం పోసేశా. బ్రాందీ మాత్రం రెండు చెంచాలే."

"రెండూ కలిపా?"

"కలిపితేనే బావుంటుందటండి."

రామలింగయ్య గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. "భావనకి తెలుసా?"

"మీకు దణ్ణం పెడతా, చెప్పకండి. సాయంత్రం ఎలాగూ తనే చూస్తుంది," అన్నారు సదాశివం గారు. అని, మనసులోది కూడా చెప్పేశారు. ఆ పిల్ల మామూలుగా మాట్లాడ్డం మానేసిన దగ్గర్నుంచీ ఇల్లు ఇల్లులా లేదని, ఏదో ఒకటి చెయ్యకపోతే ఉండలేకపోయానని చెప్పారు. రామలింగయ్య గారి కళ్లు తడి అయ్యాయి. ఆయన లేచి సదాశివం గారి భుజం తట్టి, మీరు ఒంటరివారు కాదు మాస్టారూ అని బయటికి వెళ్లి, పేవ్‌మెంట్ మీద నిలబడి వరసగా ఫోన్లు చేశారు. ఇంత చిన్న కోడికి ఈయన ఇంత కదిలిపోయారేమిటా అని సదాశివం గారు ఆశ్చర్యపోయి, వెళ్లి పుట్టగొడుగులు వేశారు.

మూడున్నరకి తలుపు తెరుచుకుంది. ముందు భావన, వెనక నిమ్మకాయ మజ్జిగ ఫ్లాస్కుతో గిరిజ, ఆ వెనక రామలింగయ్య గారు వచ్చారు. సదాశివం గారిని తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టారు. మీరింత తొందరగా వచ్చేశారేంటి, ఇంకా అరగంట పడుతుంది అని సదాశివం గారు అనబోయారు గానీ, భావన బూట్లు విప్పకుండా వచ్చి పక్కన కూర్చోవడం చూసి మాట మరిచిపోయారు.

"తప్పు నాది మావయ్యగారూ," అంది ఆమె. "ఆ రోజు మీరు సరదాకే అన్నారని నాకు తెలుసు. పదిమందిలో అనేసరికి మనసుకి పట్టేసింది. తర్వాత మామూలుగా ఉందామంటే ఎలా మొదలెట్టాలో తెలీలేదు. పొద్దంతా ఇంట్లోనే ఉంటారు. పక్కన కూర్చుని మాట్లాడేది నేనొక్కదాన్నే. అదీ మానేశా. దాంతో మీరు ఇలా..."

"ఇలా అంటే ఎలా అమ్మా?" అన్నారు సదాశివం గారు.

ఒప్పుకోవడమే మొదటి మెట్టని రామలింగయ్య గారు నెమ్మదిగా అన్నారు. గిరిజ ఫ్లాస్కు మూత తిప్పి మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. సదాశివం గారు గ్లాసు చూశారు, తన చొక్కా చూసుకున్నారు, కనుబొమ్మ తడుముకున్నారు. తాను రామలింగయ్య గారికి చెప్పిన జవాబులు ఒక్కొక్కటే మళ్లీ వినిపించాయి. ఇంకెవరైనా అయితే కోపం తెచ్చుకునేవారు. ఆయనకి మాత్రం, తాను మూడు వారాలుగా అడగలేని క్షమాపణని ఈ పిల్ల తనకంటే ముందు అడిగేసిందే అన్న సిగ్గు ఒక్కటే కలిగింది.

ఆయన లేచి భావనని వంటింట్లోకి తీసుకెళ్లి గిన్నె మూత తీశారు. పొటాషియం పర్మాంగనేట్ రంగులో కోడి కుతకుతలాడుతోంది.

"నిన్ను క్షమించమని అడగడం చేతకాక దీన్ని ఉడకబెట్టానమ్మా," అన్నారు. "పదిమందిలో అలా అనకూడదు. అన్నాను."

భావన గిన్నెలోకి చూసింది. కాయితం మీద ఎర్ర గీతలు చూసింది. చెంచా తీసుకుని ఊదుకుని రుచి చూసింది.

"ఉప్పు వెయ్యలేదా మావయ్యగారూ?"

"రుచికి తగినంత అని రాశారు. కొలత ఇవ్వలేదు. అందుకని ఆగాను."

ఆమె నవ్వు ముందుగదిలోకి వినిపించింది. ఏడుస్తోందనుకుని గిరిజ లోపలికి పరుగెత్తింది. తర్వాత ఒక్కొక్కరికీ సంగతి అర్థమైంది. గిరిజ ఆయనకి పదిసార్లు సారీ చెప్పింది. ఆల్కహాలు డెబ్భై ఎనిమిది డిగ్రీలకే ఆవిరవడం మొదలవుతుందని సదాశివం గారు పాఠం చెబుతుంటే, రామలింగయ్య గారు వంటింటి గడప అవతల నిలబడి బుద్ధిగా విన్నారు. ఆదర్శ్ అడ్డదిడ్డంగా కారు ఆపి పరుగున వచ్చేసరికి భావన ఉప్పు వేస్తూ, నాన్న రొట్టె ముక్కలు కోస్తూ కనిపిస్తే, ఏ ఇంటికి వచ్చానా అన్నట్టు గుమ్మంలో ఆగిపోయాడు. కోడి నిజంగానే బావుంది. లియాన్ ముసలావిడ కోడికి దగ్గర్లో ఉందని భావన తీర్పు చెప్పింది.

ఆరింటికి సులోచన గారు దిగారు. నాలుగు గంటల ప్రయాణంలో అనవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకుని వచ్చారు. ఆమె నోరు తెరవకముందే అందరూ ఒక్కసారిగా, నవ్వుతూ, జరిగిందంతా చెప్పేశారు. ఆమె నవ్వలేదు. చేతిసంచి దించకుండా నిలబడి భర్త వంక చూశారు.

"అయితే తాగలేదన్నమాట."

"లేదు," అన్నారు సదాశివం గారు సంతోషంగా.

"పొద్దుట్నుంచీ వంట చేశారు."

"అవును."

సులోచన గారు కుర్చీలో కూర్చున్నారు. "పెళ్లై నలభై రెండేళ్లు," అన్నారు ఎవరితోనూ కాకుండా. "నేను టైఫాయిడ్‌తో పదిహేను రోజులు మంచం మీద ఉంటే ఈయన చేత్తో ఒక్క కాఫీ కలిపి ఇవ్వలేదు. పక్కింటావిడ తెచ్చి పోసింది. దీనికన్నా తాగి ఉంటేనే నయం."

రామలింగయ్య గారికి ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది. గిరిజకీ గుర్తొచ్చింది. వెంకటసుబ్బారావు పళ్లెం పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. భావన అత్తగారికి వడ్డించింది. ఆమె రెండు ముక్కలు తిన్నారు, రొట్టెతో గిన్నె అంచు కూడా తుడిచి తిన్నారు, బావుందని గానీ బాలేదని గానీ అనలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి వంటింట్లో దీపం వెలుగుతోంది. డికాక్షన్‌కి ఎన్ని గ్రాముల పొడి వెయ్యాలని సదాశివం గారు అడుగుతుంటే, భావన ఆవలిస్తూ చేత్తో చూపిస్తోంది. సులోచన గారి చేతికి అందింది నాలుగో కప్పు. మొదటి మూడూ సింకు తాగింది.