నాచారంలో అమలైన ఆంక్షలు

ఇరాన్ మీద అమెరికా విధించిన ఆంక్షలను ఈ 2012లో నాచారం తరఫున జయప్రదంగా అమలు చేసింది మా కాలనీయేనని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

నిజానికి మందుల మీద ఆంక్షలే లేవు. దయ తలచి వాటిని మినహాయించారు. ఎవరైనా పంపుకోవచ్చు. కాకపోతే ఇరాన్ డబ్బు ముట్టుకోవడానికి ఏ బ్యాంకూ ఒప్పుకోదు, సరుకుకు బీమా ఎవరూ ఇవ్వరు, అక్కడి రేవు పేరు వింటేనే ఓడ దారి మళ్లుతుంది. అంతకు మించి ఇబ్బందేమీ లేదు. అందుచేత మా పారిశ్రామికవాడలో మూర్ఛ మాత్రలు చేసే కంపెనీ, ఇరాన్ ఆర్డరు ఆగిపోగానే దగ్గు మందుకు మారిపోయింది. నాచారంలో పుట్టిన మాత్ర నాచారంలోనే అరుదైపోయింది.

ఆ మాత్రతో అవసరం ఉన్నది కాలనీలో ఇద్దరికే. ఒకరు కల్పన. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, చిన్నప్పటి నుంచి మూర్ఛకు అదే వాడుతోంది. రెండో ఆమె షిరీన్, కల్పన ఇంటి పై గదిలో అద్దెకుంటూ యూనివర్సిటీలో చదువుకునే ఇరాన్ అమ్మాయి. జబ్బు ఆమెకు కాదు, షిరాజ్‌లో ఉన్న తమ్ముడికి. అక్కడి దుకాణాల్లో మాత్ర మాయమైన రోజుల్లో, కల్పన కుట్టుమిషను మీద అదే మాత్రల షీటు కనిపిస్తే చేతిలోకి తీసుకుని దాని పేరు రెండుసార్లు చదువుకుందట. ఆ తర్వాత స్వదేశానికి వెళ్లే స్నేహితుల చేత తమ్ముడికి తలో షీటు పంపడం మొదలుపెట్టింది.

ఆమెకు ఆ షీట్లు అమ్మే మెడికల్ షాపు హనుమాండ్లు ఈ సంగతి ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరూ సంక్షేమ సంఘం అధ్యక్షులు రామ్మోహనరావు గారు కావడంతో సాయంత్రానికి అందరికీ తెలిసింది. అమెరికా అంతటిది అడ్డుపడిందంటే మాత్రలో ఏదో మహత్తు ఉండే ఉంటుందని ఆయన తేల్చారు. మర్నాటికి అది మోకాళ్ల నొప్పులకు పనిచేసింది. వారం తిరిగేసరికి షుగరుకు, బట్టతలకు, ఎంసెట్ ర్యాంకుకు కూడా. ఉప్పల్ నుంచి నడిచి, మౌలాలి నుంచి ఆటోల్లో జనం వచ్చారు. దమ్మాయిగూడ నుంచి ఒక పెళ్లివారు కట్నకానుకలతో పాటు ఇవ్వడానికని పెట్టె అడిగారు. వచ్చినవాళ్లను డాక్టరు చీటీ అడిగి హనుమాండ్లు చిన్నబుచ్చలేదు.

ఫలితాలు అమోఘం. మాత్ర మత్తుకు కాలనీ పట్టపగలే జోగడం మొదలుపెట్టింది. పాలవాడు తలుపు కొట్టి, అక్కడే ఆనుకుని నిద్రపోయేవాడు. రామ్మోహనరావు గారి మోకాలి నొప్పి తగ్గలేదు గానీ, అది తనదేనన్న పట్టింపు పోయింది.

ఇంట్లో మాత్రలు అయిపోయి కల్పన షాపుకు వెళితే, ఇక్కడ కూడా ఒడిసిపోయినయని చెప్పాడు హనుమాండ్లు.

"జర ముందుగాల జెప్తె ఒక షీటు దాసిపెడ్తుంటి గద చెల్లె."

"చిన్నప్పటి సంది నీ తాన్నే కొంటున్న గదనే అన్నా."

నిజమే సుమా అన్నట్టు అతను తల ఊపాడు. అంబర్‌పేట దాకా వెతికినా ఆమెకు మాత్ర దొరకలేదు.

ఆ ఆదివారం సంఘం, ఆంక్షలను ఖండిస్తూ సభ జరిపింది. "మందుకు సరిహద్దు లేదు! ఒక్క రోగి మందు లేక విలవిల్లాడినా అది మానవజాతికే మచ్చ!" అన్నారు అధ్యక్షులు. సగం సభ నిద్రలో ఉంది. మిగతా సగం తప్పుడు చోట్ల చప్పట్లు కొట్టింది.

కల్పన లేచి నిలబడింది. "రెండు దినాలాయె గోలీ ఏస్కోక. ఎవరింట్లనన్న ఉంటె ఒక్క షీటు ఇయ్యున్రి."

ఇది అంతర్జాతీయ సమస్య మీద సభ అనీ, స్థానిక సమస్యలు వచ్చే నెల చర్చిద్దామనీ అధ్యక్షులు నచ్చజెప్పారు. ఆయన చెప్పడం పూర్తి కాకముందే ఆమె కుర్చీల మధ్య పడి కొట్టుకోసాగింది. మెలకువగా ఉన్నవాళ్లం పరుగున వెళ్లి తలా ఒక తాళంచెవి ఆమె చేతిలో పెట్టాం. షిరీన్ వాటన్నిటినీ తోసేసి, ఆమెను పక్కకు తిప్పి, తల కింద తన చున్నీ పెట్టి పట్టుకుంది.

తెలివి వచ్చాక కల్పన, షిరీన్ తన బ్యాగులోంచి షీటు తీయడం చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. అది నీ తమ్ముడిది గదా అంది.

"వానికి ఇంకో వారం దాక ఉన్నయ్ అక్కా," అంది షిరీన్, కల్పన దగ్గర నేర్చుకున్న తెలుగులో. "నీకు ఇప్పుడే లెవ్వు."

ఇంటికెళ్లి కల్పన బట్టల కత్తెరతో షీటును మధ్యకు కత్తిరించింది. ఒక సగం తను ఉంచుకుంది. రెండో సగం ఆ వారమే ఒక స్నేహితురాలి వెంట షిరాజ్ చేరింది. ఆ పూటకు ఇద్దరు రోగులూ గట్టెక్కారు.

మాకు మాత్రం సభలో ఒక విలువైన సమాచారం దొరికింది: షిరీన్ దగ్గర ఇంకా మాత్రలున్నాయి. మర్నాడు పొద్దున్నే ఆమె గది మెట్ల మీద వరుస కట్టాం. కల్పన కింది మెట్టు దగ్గర నిలబడి, మీలో ఫిట్స్ ఎవరికున్నయని అడిగింది. ఎవరికీ లేవని నిజాయితీగా చెప్పాం. ఎవరమూ కదల్లేదు. రేపు రాకూడదని ఏముంది?

వరుస ఇప్పటికి వీధి మలుపు దాకా వచ్చింది. మీరు కంగారు పడనక్కర్లేదు. నా వెనక ఒక జత చెప్పులు పెట్టి మీకూ చోటు ఉంచాను.